లిఫ్ట్‌లో కనిపించే అబ్బాయి

నా చిన్నప్పుడు మేము ఇండియాకి దూరంగా, నార్త్ యార్క్ అనే ఊళ్ళో ఒక పాత అపార్ట్‌మెంట్ భవనంలో, ఏడో అంతస్తులో ఉండేవాళ్ళం. మా కారిడార్‌లో పన్నెండు గుమ్మాలుండేవి. మాది తప్ప మిగతా పదకొండింటి వెనక ఎవరుంటారో మాకు తెలియదు. భవనం వెనక పార్కింగ్ స్థలం, అది దాటితే లైబ్రరీ. ప్రతి శనివారం నేను ఒక్కదాన్నే వెళ్ళి ఆరు పుస్తకాలు మోసుకొచ్చేదాన్ని. పెద్ద చదువులు చదివినదాన్ని కాను. నాకు తెలిసినదంతా ఆ పుస్తకాల అరల ముందు నేల మీద కూర్చుని నేర్చుకున్నదే. ఈ మాట ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

నాకు పదేళ్ళు నిండిన వేసవిలో, ఒక సాయంత్రం ఆ పార్కింగ్‌లో తుపాకీ పేలింది. ఒక అబ్బాయి చనిపోయాడు. పోలీసులు ఇంటింటికీ వచ్చి ఫొటో చూపించి, ఇతన్ని ఎరుగుదురా అని అడిగారు. అమ్మ ఎరగనంది. నేను గుర్తుపట్టాను. రెండేళ్ళుగా మాతోపాటు లిఫ్ట్ ఎక్కి ఏడో నంబరు నొక్కేవాడు. నా చేతుల్లో పుస్తకాలుంటే నేను దిగేదాకా తలుపు పట్టుకుని నిలబడేవాడు. మా కారిడార్‌లోనే, చివరింటి అబ్బాయని అప్పుడే తెలిసింది. పేరు మాత్రం నాకూ తెలియదు.

మర్నాడే అమ్మ తలుపుకి రెండో గొళ్ళెం పెట్టించింది. నన్ను లైబ్రరీకి పంపడం మానేసింది. చదివేసిన ఆరు పుస్తకాలూ బల్ల మీద అలాగే ఉండిపోయాయి.

అప్పుడు మా అమ్మమ్మ ఆరు నెలలు ఉండి వెళ్దామని ఇండియా నుంచి వచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. సంగతి తెలియగానే అమ్మని నిలదీసింది.

"ఆ తల్లి పొయ్యి వెలిగించి ఎన్నాళ్ళయిందో! అంత అన్నం వండి పంపావుటే?"

"అమ్మా, ఇక్కడ అలా వెళ్ళరు. అసలు వాళ్ళెవరో మనకి తెలియదు. అదేం గొడవో, ఏమో."

"తెలియకపోతే వెళ్ళి తెలుసుకో. గోడవతల బిడ్డ పోతే, ఏం గొడవని అడుగుతావా?"

అమ్మ వద్దంటూనే ఉంది. అమ్మమ్మ మెత్తగా అన్నమూ పెసరపప్పూ వండి, స్టీలు గిన్నెలో సర్ది, దుబాసీగా నన్ను వెంటబెట్టుకుని చివరింటి తలుపు తట్టింది. తీసినావిడ మొహం వాచిపోయి ఉంది. హాస్పిటల్ లాండ్రీలో పనిచేస్తుందట, వారంగా సెలవులో ఉందట. అమ్మమ్మ ఆవిడ పక్కన కూర్చుని, చేయి పట్టుకుని నిమిరింది. తరవాత ఉన్నట్టుండి లేచి, ఆవిడ వైపైనా చూడకుండా బయటికి నడిచింది. నేను సిగ్గుతో చచ్చిపోయి వెనకే పరిగెత్తాను. కంగారులో "వై డిడ్ వి లీవ్ లైక్ దట్, అమ్మమ్మా?" అని ఇంగ్లీషులోనే అడిగేశాను. ఆవిడకి అర్థం కాలేదు, నేను మళ్ళీ తెలుగులో అడగలేదు.

మర్నాడు ఎవరో మా తలుపు తట్టారు. అమ్మ కంతలోంచి చూసి కదలకుండా నిలబడిపోయింది. అమ్మమ్మే వెళ్ళి రెండు గొళ్ళేలూ తీసింది. చివరింటి ఆంటీ, కడిగిన గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. తను ఏం తప్పు చేసిందని ఈ పెద్దావిడ అలా లేచి వెళ్ళిపోయిందో కనుక్కుందామని వచ్చిందట. రాత్రంతా అదే ఆలోచనట.

నేను అమ్మమ్మకి చెప్పాను. ఆవిడ నాలుక కరుచుకుంది.

"అయ్యో పిచ్చితల్లీ! చావు జరిగిన ఇంట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదే. ఇలాంటి పని మీద మళ్ళీ రాకూడదని. ఊరికే అయితే రోజూ వస్తానని చెప్పు."

చెప్పాను. ఆంటీ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. అప్పుడు అమ్మ పక్కకి తప్పుకుని, "కమ్, సిట్," అంది. ఆంటీ తన కొడుకు పేరు చెప్పింది. మేం ముగ్గురం ఆ పేరు నోరు తిరిగేదాకా పలికాం.

అన్నట్టే అమ్మమ్మ రోజూ వెళ్ళింది. వాళ్ళిద్దరూ తలుపులు బార్లా తెరుచుకుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, దారిన పోయేవాళ్ళు ఆగడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి ఎదురింటివాళ్ళూ పక్కింటివాళ్ళూ కుర్చీలు తెచ్చుకుంటున్నారు. ఆంటీ మళ్ళీ పనికి వెళ్తూ, బస్‌స్టాప్ అటే కదా, నన్ను లైబ్రరీ దగ్గర దింపుతానంది. అమ్మ ఎట్టకేలకి సరేనంది. కొడుకు పడిపోయిన చోటు మీదుగా, నా చేయి గట్టిగా పట్టుకుని నడిచింది ఆవిడ. తలతిప్పి చూడలేదు.

ఆకులు రాలే రోజుల్లో అదే చోట ఇద్దరు కుర్రాళ్ళు ఒకడి చొక్కా ఒకడు పట్టుకుని కలబడ్డారు. ఆ వేసవికి ముందైతే అందరం కిటికీలు మూసేసేవాళ్ళం. ఆ రోజు బాల్కనీల తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో ఒకడి పేరు పెట్టి పిలిచారు, ఇంకెవరో రెండోవాడి తల్లి కిందికి వస్తోందని అరిచారు. మా అమ్మమ్మ తెలుగులోనే తిట్టిపోసింది. పైకి చూసి ఇద్దరూ చేతులు దించేశారు. వాళ్ళ దగ్గర తుపాకీ ఉందో లేదో నాకు తెలియదు. ఇద్దరూ ఎవరింటికి వాళ్ళు వెళ్ళడం మాత్రం చూశాను.

పెద్దయ్యాక ఈ సంగతి మీద లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. ఇరుగుపొరుగు ఒకరినొకరు నమ్మే చోట, పక్కింటి పిల్లల్ని మందలించే చనువున్న చోట తుపాకీ తక్కువగా పేలుతుందని రాశారు. పనులు లేకపోవడం, తుపాకులు తేలిగ్గా దొరకడం గురించి కూడా రాశారు. పలకరింపు ఒక్కటే చాలదని నాకూ తెలుసు. కానీ మా కారిడార్‌లో మొదట తెరుచుకున్నది ఏ తలుపో నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు అక్కడికి దగ్గర్లోనే, రిచ్‌మండ్ హిల్‌ అనే ఊళ్ళో ఉంటున్నాను. లిఫ్ట్‌లో కొత్తవాళ్ళు కనిపిస్తే నా పేరు చెప్పి వాళ్ళ పేరు అడుగుతాను. మా మనవరాలు సిగ్గుపడి నా చెయ్యి లాగుతుంది. అయినా అడుగుతాను. నా కోసం రెండేళ్ళు తలుపు పట్టుకున్న అబ్బాయి పేరు, అతను పోయాక వాళ్ళమ్మ నోట విన్నాను నేను.