కదలొద్దు మాస్టారి కొండ

ఆ వీధిలో ఫోటో స్టూడియో నడిపిన పెద్దమనిషిని ఎవరూ పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. అందరికీ ఆయన కదలొద్దు మాస్టారు. కెమెరా ముందుకు ఎవరొచ్చినా, ఉద్యోగం దరఖాస్తుకి ఫోటో కావాలని వచ్చినవాళ్ళయినా, బోసినవ్వుల పసివాడయినా, ఆయన నోట మొదట వచ్చే మాట "కదలొద్దు". ఆ మాట అన్నాక ఆయన మాత్రం కదలడం మొదలుపెట్టేవారు. దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని కాస్త కిందికి దించేవారు. భుజం మీది నూలుపోగు తీసేవారు. వెనక్కి వెళ్ళి చూసి, పెదవి విరిచి, మళ్ళీ వచ్చి దించిన గడ్డాన్ని పైకెత్తేవారు. ఫోటో అనేది తీసేది కాదు, కుదిర్చేది అని ఆయన సిద్ధాంతం. కుదిరేలోపు పసివాళ్ళు నిద్రపోయేవారు, పెద్దవాళ్ళకి మెడ పట్టేసేది. అయినా జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. చుట్టుపక్కల మరో స్టూడియో ఉంటే కదా!

స్టూడియో అంటే ఇరుకు మెట్లెక్కి వెళ్తే వచ్చే ఒక పొడవాటి గది. గోడకి అద్దం, అద్దానికి దారంతో కట్టేసిన దువ్వెన, మేకుకి ఒక ఉమ్మడి కోటు. లావుపాటివాళ్ళు వేసుకుంటే ఆ కోటుకి గుండీలు పట్టేవి కావు. బక్కవాళ్ళు వేసుకుంటే మాస్టారు వెనకవైపు క్లిప్పులు పెట్టి బిగించేవారు. వీధిలో సగంమంది ఉద్యోగాలు తెచ్చుకున్నది ఆ కోటుతోనే.

వెనక గోడకి పెద్ద తెర, తెర మీద కొండ. దేశంలో చంటిపిల్లలు కూడా గుర్తుపట్టే కొండ అది. కానీ దాన్ని గీసినవాడు షాపుల బోర్డులు రాసుకునే పెయింటరు. జన్మలో కొండ మొహం చూసినవాడు కాదు, అగ్గిపెట్టె మీది బొమ్మ చూసి లాగించేశాడు. అందుకని కొండ కాస్తా బోర్లించిన గరాటులా మొనదేలి ఉండేది. కింద సరస్సులో రెండు హంసలు. ఒకటి హంసంతే ఉండేది, రెండోది పడవంత. ఆ వీధిలో కొత్త దంపతులూ, పళ్ళూడిన తాతలూ, బహుమతి కప్పులు పట్టుకున్న పిల్లలూ అందరూ ఆ గరాటు ముందు నిలబడి ఫోటో దిగినవాళ్ళే.

"కొండ అలా ఉండదండీ" అనేది మాస్టారి భార్య.

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. అంత నిటారుగా ఉంటే దానిమీద మంచు నిలుస్తుందా? జారి కింద పడదూ?"

మాస్టారు ఒప్పుకునేవారు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ స్టూడియోలో సగం చాకిరీ ఆవిడదే. కౌంటరులో కూర్చునేది, ఫోటోలు అంచులు తిన్నగా కత్తిరించేది, ఏడ్చే పిల్లల ముందు గిలక్కాయ ఆడించేది. వీటన్నిటికంటే పెద్ద పని నిలబడటం. మంచి బేరం తగిలినప్పుడల్లా మాస్టారు ముందుగా ఆవిణ్ణి తెర ముందు నిలబెట్టి లైట్లు సరిచూసుకునేవారు. "కాస్త ఎడమకి. కదలొద్దు. ఆఁ, ఇక నువ్వెళ్ళు, వాళ్ళని పిలు" అనేవారు. ఆ తెర ముందు ఆవిడ నిలబడినన్నిసార్లు మరెవరూ నిలబడలేదు. ఒక్కసారీ ఆవిణ్ణి ఫోటో తీయలేదు. ఫిల్ము దండగ అనేవారు. ఫిల్ము కాలం పోయాక దండగేమీ లేదు గానీ, అప్పటికి తీయకపోవడమే అలవాటైపోయింది.

ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఒకే ఒక్కటి, పెళ్ళినాటిది. అందులో ఆవిడ బుద్ధిగా ముందుకు చూస్తోంది. మాస్టారేమో పక్కకి తిరిగి, నోరు తెరిచి, లైటు పట్టుకున్నాయనకి ఎక్కడ నిలబడాలో పాఠం చెబుతున్నారు. ఆ ఫోటో చూసిన వాళ్ళంతా పెళ్ళికొడుకు ఎవరితోనో తగువు పడుతున్నాడనుకునేవారు.

చేతికో ఫోను వచ్చాక స్టూడియో మెట్లెక్కేవాళ్ళు తగ్గి తగ్గి, చివరికి గదిని ఫోను తొడుగులు అమ్ముకునే అతనికి అద్దెకివ్వాల్సి వచ్చింది. తెర చుట్టిపెడుతున్న రోజున ఒక కొస తాను పట్టుకుని భార్య అంది:

"ఇన్నాళ్ళూ నన్ను గుడ్డ ముందు నిలబెట్టారు. ఒక్కసారి అసలు కొండ ముందు నిలబెట్టండి. మీరు కెమెరా వెనక కాదు, నా పక్కన ఉండాలి. ఇద్దరం తిన్నగా ముందుకు చూడాలి. మీరు నోరు మూసుకోవాలి. ఆ ఒక్క ఫోటో చాలు, ఇంకేం అడగను."

ఇంకేం అడగనన్న మాట మాస్టారికి చివుక్కుమని తగిలింది. ఇంతకుముందు మాత్రం ఏం అడిగింది కనక? ఎంత వెతుక్కున్నా ఒక్కటీ గుర్తు రాలేదు. ఈ ఫోటో గనక కుదరకపోతే ఇన్నాళ్ళ వృత్తీ దండగ, ఇన్నాళ్ళ కాపురమూ దండగ అనుకున్నారు.

తీసుకెళ్తానని అల్లుడు ముందుకొచ్చాడు. బంగారంలాంటి పిల్లాడే. కానీ తగ్గింపు ధర అన్న మాట చెవిన పడితే మనిషి మనిషి కాదు.

"కొండకి ఎదురుగానే పెద్ద మాల్ ఉంది మామయ్యగారూ. కంపెనీలవాళ్ళు మిగిలిన సరుకంతా అక్కడ చవగ్గా అమ్మేస్తారు. కొండ చూస్తూ కొనుక్కోవచ్చు. ఒకే దెబ్బకి రెండు పిట్టలు!"

"ఇంతకీ మనం వెళ్ళేది కొండకా, బూట్లకా?"

"రెంటికీనండీ. కాకపోతే కొండ ఎప్పుడూ ఉండేదే. బూట్ల మీద తగ్గింపు ఈ వారమే."

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు మాస్టారు తన పాత కెమెరానీ, దాని మూడుకాళ్ళ స్టాండునీ వెంట తెచ్చారు. మీట నొక్కి పరుగెత్తుకొచ్చి భార్య పక్కన నిలబడొచ్చని ఆయన ఆలోచన. స్టాండు డిక్కీలో పట్టలేదు. వెనక సీట్లో తల్లీకూతుళ్ళు దారి పొడవునా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మాల్ అంటే ఒక పెద్ద భవనం ఉంటుందనుకున్నారు మాస్టారు. తీరా చూస్తే కొండవాలు మీద వరసగా చిన్న చిన్న షాపులు, మధ్యలో రాళ్ళు పరిచిన బాట, లోయ మీద ఒక చెక్క వంతెన. వంతెన దాటితే కటకటాల వేదిక. ఫోటోకి ఎక్కడ నిలబడాలో తెలిసేలా నేల మీద రెండు పాదాల బొమ్మ. పక్కనే ఇత్తడి పలక మీద కొండని గీసి, ఏ శిఖరం ఏదో రాసిపెట్టారు. పలక వెనక, కొండ ఉండాల్సిన చోట, ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లటి మబ్బు. వచ్చినవాళ్ళు చేసేది లేక ఆ ఇత్తడి పలకకే ఫోటోలు తీసుకుంటున్నారు.

"కొండేదయ్యా?" అని మాస్టారు కాపలా అతన్ని నిలదీశారు.

"అక్కడే ఉందండీ."

"కనబడదేం?"

"ఇందాకటిదాకా కనబడిందండీ. మీరు పార్కింగులో ఉన్నప్పుడు." అని, మాస్టారి చంకలోకి చూసి, "ఆ స్టాండు ఇక్కడ పెట్టకూడదండీ. ఎవరైనా తట్టుకుని పడతారు" అన్నాడు.

ఇక ఫోటో తీయాల్సింది అల్లుడు, అదీ ఫోనుతో.

"మబ్బు ఎప్పుడు విడుతుంది?"

"దాని ఇష్టమండీ."

దూరపు కొండలు నునుపంటారు. దగ్గరికొస్తే అసలు కనబడనే కనబడవని మాస్టారికి అప్పుడే తెలిసింది.

"అది విడేలోపు నాలుగు షాపులు చూద్దాం రా అమ్మా" అని కూతురు లాక్కెళ్ళింది. మాస్టారు స్టాండు భుజాన వేసుకుని వెనకాలే నడిచారు. ఏ షాపులో దూరినా స్టాండు ఒక కాలు ఏదో ఒక కోటుకి తగులుకుని దాన్ని కూడా బయటికి మోసుకొచ్చేది. బయట బల్లల నిండా సంచులు ఒళ్ళో పెట్టుకున్న భర్తలు, ఆకాశంకేసి చూస్తూ.

ఒక షాపులో కూతురు తల్లికి ఇటుకరంగు స్వెటరు తొడిగి అద్దం ముందు నిలబెట్టింది. నిలబెట్టడమే తరువాయి, ఆవిడ అలవాటు కొద్దీ గడ్డం కాస్త దించి, చేతులు దగ్గర పెట్టుకుని, ఊపిరి బిగబట్టింది. ఈలోపు కొనడానికొచ్చిన ఒకావిడ దగ్గరికొచ్చి ఆ స్వెటరు చెయ్యి ఎత్తి, మెడ దగ్గర వేలాడే ధర చీటీ తిప్పి చూసి, "ఈ బొమ్మకి వేసింది తప్ప ఇంకోటి లేదా?" అని షాపు అమ్మాయిని అడిగింది.

"ఇది నాదండీ" అంది బొమ్మ.

అవతలావిడ కెవ్వుమంది. కూతురు పడీపడీ నవ్వింది. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. మనిషిని ఇంతలా కదలకుండా చేసింది తానే కదా అనిపించి, స్వెటరు ఆయనే కొన్నారు.

అదే సమయానికి అల్లుడు బూట్ల సంచులతో ప్రత్యక్షమయ్యాడు. ఒక జత కొంటే రెండో జత సగం ధర. తన కొలత అయిపోయిందని, రెండు జతలూ పెద్దవే పట్టాడు.

"ఇంత పెద్దవి ఎవరికి?" అంది కూతురు.

"దళసరి మేజోళ్ళు వేసుకుంటే సరిపోతాయి."

"ఆ మేజోళ్ళ ఖర్చుతో నీ కొలతవి వచ్చేవిగా!"

మొగుడూ పెళ్ళాల తగువు తేలేలోపు, మబ్బు పల్చబడుతోందని బయట ఎవరో అన్నారు. మాస్టారు అందర్నీ వేదిక దగ్గరికి తోలుకొచ్చారు. మబ్బు ఇంకా ఉంది. ఉన్నా సరే, ముందే అన్నీ సిద్ధం చేసుకోవాలి కదా! భార్యని పాదాల బొమ్మ మీద, కొండ ఉండాల్సిన చోటుకి వీపు పెట్టి నిలబెట్టారు. అల్లుణ్ణి ఎదురుగా నిలబెట్టి, ఫోను ఎంత ఎత్తున పట్టుకోవాలో చూపించారు. సంచులు కింద పెట్టమంటే ఎవరైనా ఎత్తుకుపోతారని అల్లుడు వాటిని మోచేతులకే వేలాడేసుకున్నాడు.

"నేను చెప్పేదాకా నొక్కొద్దు బాబూ."

"చిత్తం మామయ్యగారూ."

మాస్టారు భార్య పక్కన చేరి ఆవిడ మెడ దగ్గరికి వంగారు. స్వెటరు ధర చీటీ ఇంకా వేలాడుతోంది. తెంపబోతే తెగలేదు. కాలరులోకి దోపితే మళ్ళీ బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడు వేదిక మీద గోల లేచింది.

"వచ్చింది! వచ్చింది! అదుగో!"

జనం కటకటాల మీదికి ఎగబడ్డారు. చప్పట్లు కొట్టారు. కూతురు "అమ్మా! నాన్నా!" అని అరిచింది.

"ఏవండీ, వచ్చిందట. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తానండీ" అంది భార్య.

"తిరిగావంటే జుట్టు చెదిరిపోతుంది. కదలొద్దు. ఫోటో అయ్యాక తీరిగ్గా చూద్దువుగాని."

"తీసేస్తున్నా మామయ్యగారూ!"

"ఆగు బాబూ! నొక్కొద్దు! గడ్డం ఇంకా కుదర్లేదు!"

జీవితమంతా ఆయన పని చేసింది తెర ముందు. మనిషిని సర్దుతున్నప్పుడు వెనక్కి చూడటం ఆయనకి అలవాటు లేదు. తెర ఎక్కడికి పోతుంది? కాబట్టి చీటీ దోపారు. చెవి మీద పడ్డ వెంట్రుకలు వెనక్కి తోశారు. గడ్డం దించారు, కాదని ఎత్తారు, మళ్ళీ రవ్వంత దించారు. అప్పుడు వచ్చి భార్య పక్కన నిటారుగా నిలబడి, తన కోటు కిందికి లాగి సర్దుకుని, మాటిచ్చినట్టే గట్టిగా నోరు మూసుకుని తలూపారు. కానివ్వమని అర్థం.

అల్లుడు ఫోను దించేశాడు.

"లేదండీ."

"ఏం లేదు?"

"కొండ."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఉతికి ఆరేసిన దుప్పటి, ఎప్పటిలాగే. జనం అప్పటికే షాపుల వైపు మళ్ళారు.

"మీరు చూశారా?" అంది భార్య.

"లేదు. నువ్వు?"

"నన్ను కదలొద్దన్నారు కదా."

ఆ మాట కోపంగా అన్నా మాస్టారు తట్టుకునేవారు. మామూలుగా అనేసరికి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. అంతమందిలో కొండని చూడనివాళ్ళు తామిద్దరే. షాపుల దీపాలు వెలిగేదాకా ఆ వేదిక మీదే కాచుకుని కూర్చున్నారు. మబ్బు మరి కరగలేదు. కాపలా అతను వచ్చి, "ఇవాళ భలే కనబడిందండీ. ఇంత శుభ్రంగా ఈ మధ్య రానేలేదు" అని పుండు మీద కారం చల్లి వెళ్ళాడు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ స్టాండు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ముందు సీట్లో మాస్టారు నోరు మూసుకునే ఉన్నారు. మూసుకోవాల్సినప్పుడు మూసుకోలేని నోరు ఇప్పుడు మూసుకుని ఏం లాభమని తనను తానే తిట్టుకున్నారు.

పెట్రోలు బంకు దగ్గర కారు ఆపి అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"మామయ్యగారూ, కోప్పడనంటే ఒక మాట. మీరు నొక్కొద్దన్నారు చూడండి, అప్పుడు బూట్ల సంచి జారింది. పట్టుకోబోతే వేలు తగిలింది. నేను కావాలని నొక్కలేదు."

మాస్టారు ఫోను లాక్కుని చూశారు. అంచు నుంచి అంచుదాకా కొండ. గరాటు కాదు, మొన కాదు. విశాలంగా, భుజాలు పరుచుకుని, నిండా మంచుతో తాపీగా కూర్చుని ఉంది. దానిముందు ఇటుకరంగు స్వెటరులో ఆవిడ, మెడ దగ్గర ధర చీటీ. పక్కన వంగి, ఆవిడ గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, నోరు ఇంత తెరిచి, మాస్టారు.

"ఇదీ ఒక ఫోటోయేనా! నా మొహం పక్కకుంది, నోరు తెరుచుకుంది, చీటీ కనబడుతోంది. తీసిపారెయ్యండి!"

"ఇటివ్వండి" అని వెనక సీట్లోంచి చెయ్యి వచ్చింది.

ఆవిడ ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "గరాటులా లేదు, చూశారా?" అంది ముందు. తరవాత ఇంకాసేపు చూసి అంది:

"పెళ్ళి ఫోటోలో మీరు లైటు పట్టుకున్నాయన్ని చూస్తున్నారు. ఇందులో నన్ను చూస్తున్నారు. దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు."

కారు బంకు దాటి రోడ్డెక్కాక మాస్టారు వెనక్కి తిరిగారు.

"కొండ కాస్త ఎడమకి జరిగుంటే ఇంకా బాగా కుదిరేది" అన్నారు మెల్లగా.

"దాన్ని కూడా కదలొద్దని మీరే అని ఉంటారు" అని ఆవిడ నవ్వేసింది, ఒళ్ళోంచి స్టాండు జారిపడేలా.