మేస్త్రీకి బంగారం పెట్టని మేనత్త

మా మేనత్త పోయింది. ముంబై కామాఠీపురాలో, వరస గదుల మా చాల్ నల్లా దగ్గర, నిండిన బిందె పక్కన కూర్చుని మళ్ళీ లేవలేదు. ఆ కబురు నాయిన ఫోన్లో చెప్పేటప్పటికి నేను చెక్ దేశంలో ఒక కొండ ఊరి బస్‌స్టాపులో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాను. ఆఫీసు పని మీద ఆ దేశంలోని బ్ర్నో నగరానికి వచ్చి కొన్ని నెలలైంది. ఆకు రాలే కాలంలో సెలవులు కలిసొస్తే, సంచి భుజాన వేసుకుని ఊరి నుంచి ఊరికి కొండల మీదుగా ఒంటరిగా నడుస్తున్నాను.

"నువ్వొచ్చేదాంక ఆపలేం బిడ్డా," అన్నాడు నాయిన. "ఇంత చిన్న ఖోలీల ఎంతసేపని పండవెడ్తం? ఇయ్యాల్నే తీస్తం."

సెలవు రోజున ఆ ఊరికి బస్సు లేదు. రైలు దొరికే ఊరు కొండ అవతల ఉంది. కనీసం పదో రోజు కర్మకు అందాలన్నా ముందు ఆ కొండ దాటాలి. లేచి నడిచాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది మా అత్త నాకు తినిపించి పెంచిన కోపం.

ఆ దేశంలో కాలిబాటలకు గుర్తులుంటాయి. చెట్టు బోదె మీద రెండు తెల్ల గీతల నడుమ ఒక ఎర్ర గీత. ఒకటి దాటితే ఇంకొకటి కనిపిస్తుంది. ఊరు దాటేదాకా బాట పక్కన ఆపిల్ చెట్లు. రాలిన కాయలు ఎవరూ ఏరుకోరు, కందిరీగలు తొలుచుకుని తింటాయి. దున్నిన పొలాల మీద మంచు పొగ ఇంకా లేవలేదు. పైకి పోయేకొద్దీ బీచ్ చెట్ల అడవి, చీలమండలు మునిగేంత రాగి రంగు ఆకులు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు కూడా ఎదురైతే "దోబ్రీ దెన్" అని పలకరిస్తారు. ఆ రోజు నేను ఎవరికీ బదులివ్వలేదు.

మా అత్త కూడా నడిచేది. వర్లిలో ఆమె ఊడ్చే ఆఫీసు దాకా పొద్దున పోవడం, సాయంత్రం రావడం, అంతా కాళ్ళ మీదే. బస్సెక్కమంటే వినేది కాదు. "బస్సుల కూసుంటే కోపం సల్లారుతది కోడలా," అనేది. చిన్నప్పుడు అది తమాషా మాట అనుకునేదాన్ని.

ఆ కోపం మేస్త్రీ మీద. మా చాల్‌లో సగం మందికి కట్టడం పనులు ఇప్పించిన పెద్దమనిషి ఆయన. అత్త భర్త, అంటే మా మామ, ఆయన కట్టించిన వెదురు పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. తాళ్ళు కుళ్ళాయని మామ ముందే చెప్పాడు. మేస్త్రీ వినలేదు. పోలీసులు వచ్చి అడిగితే మాత్రం "తాగి ఎక్కిండు" అన్నాడు. మా మామ కల్లు కూడా ముట్టని మనిషి. అత్త ఎంత మొత్తుకున్నా చదువు రాని ఆడమనిషి మాట ఎవరూ రాసుకోలేదు.

నన్ను బడికి లాక్కెళ్ళింది అందుకే. ప్రేమ లేదని అనను, కానీ పగ ముందు నడిచింది. నాగ్‌పాడా దాటి తెలుగు బడి దాకా నా మణికట్టు పట్టుకుని ఈడ్చుకుపోయేది. నేను రాగం తీస్తే, "ఏడువు. కానీ నడుసుకుంట ఏడువు," అనేది. మా ఇంట్లో అంతకు ముందు బడి గడప తొక్కినవాళ్ళు లేరు. సాయంత్రం పాఠం పైకి చదివించేది. "ఇంకింత జోర్‌గ. పైకి ఇనవడాలె." పై అంతస్తులో మేస్త్రీ ఉండేవాడు. నేను కూడికలు, ఎక్కాలు, మొదటి ఇంగ్లీషు వాక్యాలు అన్నీ ఆయన నేల కింద నుంచి అరిచి నేర్చుకున్నాను. పడుకునే ముందు అదే చేత్తో నా మడమలకు ఆముదం రాసేది. ఆ చేతిని తలచుకోకుండా నేనెప్పుడూ పరీక్ష రాయలేదు.

దసరా సాయంత్రం చాల్‌లో అందరూ ఒకరికొకరు ఆకు పెట్టుకుంటారు. మన ఊళ్ళలో జమ్మి, ముంబైలో మరాఠీ వాళ్ళ ఆప్టా. పేరు మాత్రం రెంటికీ బంగారమే. చేతిలో బంగారం పడితే ఏడాది పంతాలు తీరినట్టే. అత్త కొంగు నిండా ఆకు పోసుకుని ప్రతి గుమ్మానికీ వెళ్ళేది. నల్లా దగ్గర తనతో జుట్లు పట్టుకున్నవాళ్ళకూ పెట్టేది. మేస్త్రీని ఒక్కణ్ణి దాటేసేది. ఆయన తెల్ల ధోతి కట్టుకుని గ్యాలరీలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒక ఏడు ఆయనే చెయ్యి చాపాడు.

"అందరికీ వెడ్తివి చెల్లె. నా చెయ్యేం పాపం చేసింది?"

"చెయ్యేం చెయ్యలే మేస్త్రీ, నోరు చేసింది. నా పెనిమిటి తాగలేదని ఈడ నిలవడి ఒక్క మాటను. కొంగంత నీకే గుమ్మరిస్త."

చాపిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"పండుగ పూట ఇడిసిపెట్టరాదె అక్కా," అని నాయిన గొణిగాడు.

"నేనిడిస్తె పోయిన మీ బావ దిక్కు మాట్లాడేటోళ్ళు ఎవరున్నర్రా?"

తర్వాతి ఏళ్ళలో మేస్త్రీ ముసలివాడయ్యాడు. అయినా ప్రతి దసరాకూ కుర్చీ వేసుకునేవాడు. నాకు జాలి కలిగిందని రాస్తే అది అబద్ధం.

కొండ నెత్తికి చేరేసరికి ఫోన్ మళ్ళీ మోగింది.

"మేస్త్రీ వచ్చిండు బిడ్డా. పాడె ముందల భుజం వెడ్తడట. నా చెల్లె అంటుండు. ఫ్లెక్స్ గూడ కొట్టిచ్చిండు. అత్త ఫొటో, పక్కన ఆయనది."

"ఎవరి ఫొటో పెద్దగుంది నాయినా?"

"ఆయనదే."

భుజం పెట్టినవాడితో పగ ఉండదని మా వాళ్ళ మాట. పాడె కింద నాలుగడుగులు వేస్తే చాలు, గల్లీ అంతా ఇద్దరికీ రాజీ కుదిరిందనుకుంటుంది. బతికుండగా ఆమె పెట్టనిది ఆమె శవం దగ్గర లాక్కుంటాడు.

"మొయ్యనియ్యకు నాయినా."

"నలుగుర్ల అడిగిండు. నాకు పనిచ్చినోడు. ఎట్ల కాదంట?"

"అత్త అడిగిందే అడుగు. చెప్తే భుజం వెట్టమను. లేకుంటే జరగమను."

నాయిన ఫోన్ పెట్టేయలేదు, చేతిలో పట్టుకునే వెళ్ళాడు. నేను అడవిలో నిలబడి విన్నాను. ఆయన మేస్త్రీ ముందు గొంతెత్తగా అంతకు ముందెన్నడూ వినలేదు.

"అన్నా, ఒక్క మాట. మా బావ ఆనాడు తాగిండా?"

వెనక మోగుతున్న చావు డప్పు ఆగింది.

"ఇప్పుడెందుకు తమ్మీ, శవం ముంగట..."

"ఇప్పుడే గావాలె. తాగిండా, లేదా?"

"చెప్పు మేస్త్రీ," అని ఎవరో ఆడమనిషి అరిచింది. "నోరు వడిపోయిందా?"

మేస్త్రీ దగ్గు ఒక్కటే వినిపించింది.

"జరుగన్నా," అన్నాడు నాయిన. "మా అక్క పోవాలె."

చావు దగ్గర పగలేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. మేము పగ వదిలిన రోజున మా మామ తాగుబోతుగా మిగిలిపోతాడు. నాకు ఆ క్షణాన గుండె చల్లబడింది. చాలా ఏళ్ళ తర్వాత కడుపు నిండా తిన్నట్టు అనిపించింది.

దారి మధ్యలో పాడె దించి, ఊపిరి ఉందేమోనన్న ఆశతో పోయినవాళ్ళ చెవిలో అయినవాళ్ళు మూడుసార్లు పిలుస్తారు. దాన్ని దింపుడు కల్లం అంటారు. ఫాక్‌లాండ్ రోడ్ మలుపులో దించారు. అత్తకు పిల్లలు లేరు. నాయిన ఫోన్ ఆమె చెవికి ఆనించి, "పిలువు బిడ్డా," అన్నాడు.

"అత్తమ్మా," అన్నాను. "అత్తమ్మా."

మూడోసారి పిలవలేదు. "వాన్ని మొయ్యనియ్యలే," అన్నాను.

నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో, చెట్ల కింద పుట్టగొడుగులు ఏరుకుంటున్న ముసలి దంపతులు నడుం ఎత్తి చూశారు. ఫోన్లో డప్పు మళ్ళీ అందుకుంది. ఫోన్ చెవికి పెట్టుకుని, ఆ దరువుకు అడుగు వేస్తూ కొండ దిగడం మొదలుపెట్టాను. వాళ్ళిద్దరూ బుట్టలు పట్టుకుని బాట దిగి పక్కన నిలబడ్డారు. ముసలాయన టోపీ తీశాడు. నేను దాటిపోయేదాకా మళ్ళీ పెట్టుకోలేదు.