మా బావ కొన్న తేలికపాటి గిటారు

నేను ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాను. పగలు పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమస్తా పని, సాయంత్రాలు పెళ్లి రిసెప్షన్లు, చవితి పందిళ్లు. మా ట్రూపులో బేస్ గిటారు వాయించేవాడు కంచరపాలెంలో ఒక షెడ్డులో వెల్డరు. వాళ్లది సముద్రం మీద బతికిన కుటుంబం, మాది విజయనగరం వైపు వ్యవసాయ కుటుంబం. చుట్టరికం ఏమీ లేదు. అయినా మొదటి రిహార్సల్ రోజునే నన్ను "బావా" అని పిలిచాడు. ఇరవై ఏళ్లు ఒకరినొకరం అలాగే పిలుచుకున్నాం.

బేస్ గిటారును జనం పట్టించుకోరు. నాలుగు లావుపాటి తీగలు, కింది స్వరాలు. అది ఉన్నంతసేపు ఎవరికీ వినపడదు, ఆగిపోతే మాత్రం పాట డొల్లగా అయిపోతుంది. నా కుడికాలు డ్రమ్ము పెడల్ మీద పడే క్షణమూ, అతని వేలు తీగను లాగే క్షణమూ ఒకటే కావాలి. అది కుదిరిన ఇద్దరు దొరకడం కష్టం. మాకు ఒకరి మొహం ఒకరు చూసుకునే అవసరమే ఉండేది కాదు. పాట మధ్యలో నేను వేగం పెంచేస్తే ఒక్క స్వరం సాగదీసి నన్ను వెనక్కి లాగేవాడు. ఆ సంగతి స్టేజీ మీద ఇంకెవరికీ తెలిసేది కాదు.

అతని పాత గిటారు గట్టి చెక్కది, బాగా బరువు. ఒక ఎండాకాలం ఆదివారం, వన్ టౌన్‌లో ఉల్లిపాయల కొట్టు మీదున్న మా రిహార్సల్ గదికి కొత్త గిటారుతో వచ్చాడు. ద్వారకా నగర్‌లో కొన్నానన్నాడు. పల్చటి చెక్క, తీగలు నొక్కే నెక్ పొట్టిది, చవక రకం. ఒంటి చేత్తో పైకెత్తి చూపించాడు.

"ఎలాగుందో వాయించి సూడండి. ఉన్నది ఉన్నట్టు సెప్పాల," అన్నాడు.

మా లీడ్ గిటారిస్టు భుజాన వేసుకుని చేతులు వదిలేశాడు. నెక్ బరువుకి గిటారు ఒక పక్కకి ఒరిగిపోయింది. "ఇదేటిది, నిలబడదా?" అన్నాడు. ట్రూపు నడిపేది మా కీబోర్డు ఆయన. ఆయన కాసేపు విని, కింది తీగ మోత చాలట్లేదన్నాడు. గాయని మాత్రం రంగు బాగుందంది.

అతను అందరి మాటా విన్నాడు. చివరికి నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు బావా. నా పక్కన వాయించేది నువ్వు కదా."

అందరూ ఉన్నారు. నాకు నవ్వించాలనిపించింది. "పిల్లగుంటలాడుకునే బొమ్మనాగుంది బావా. నా డ్రమ్ము కింద నీ గిటారు ఇనపడనేదు. ఈ వయసులో ఇదేటి సరదా?"

గదంతా నవ్వింది. అతనూ నవ్వాడు. గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగడానికి మాత్రం చాలాసేపు పట్టింది. జిప్పు కొత్తది కదా, బిగుతుగా ఉందేమో అనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలు అతను ఊళ్లో తెలిసిన ప్రతి వాయిద్యగాడికీ ఆ గిటారు చూపిస్తున్నాడని తెలిసింది. చర్చిలో వాయించే ఒకాయన ఇంట్లో సాధనకైతే పర్వాలేదన్నాడట. బీచ్ రోడ్డు హోటల్లో వాయించే ఇంకొకాయన పాట రికార్డింగుకి పనికొస్తుంది గానీ స్టేజీ మీద తేలిపోతుందన్నాడట. తీగలు మార్చమని ఒకరు, కొట్లో తిరిగిచ్చేయమని ఒకరు. "మీ బావకి ఆ బొమ్మ మీద మోజు తీరట్లేదు," అని మా వాళ్లు నాతో హాస్యమాడారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

శ్రావణంలో గాజువాకలో ఒక రిసెప్షను ఒప్పుకున్నాం. పాత గిటారే తెమ్మని కీబోర్డు ఆయన గట్టిగా చెప్పాడు. బావ అదే తెచ్చాడు. మూడో పాటలో, చరణం మొదలవుతుండగా, నా కాలు ఒంటరిగా పడింది. తల తిప్పి చూశాను. అతని ఎడమ చెయ్యి నెక్ మీదే ఉంది, వేళ్లు కదలట్లేదు. వాటివైపే చూస్తూ నిలబడ్డాడు. కీబోర్డు ఆయన ఎడమచేత్తో కింది స్వరాలు అందుకుని పాట గట్టెక్కించాడు. మిగతా ప్రోగ్రామంతా అలాగే నడిచింది. అతను గిటారు మెడలో వేసుకుని, వాయిస్తున్నట్టు కుడిచెయ్యి ఆడిస్తూ చివరిదాకా నిలబడ్డాడు.

ఆ తర్వాత రిహార్సల్‌కి రాలేదు. ఫోన్ చేస్తే "షెడ్డులో పని ఎక్కువుంది బావా" అనేవాడు. నాకు కోపం వచ్చింది. నా మాటకి అలిగాడనుకున్నాను. అలిగినవాడు దిగొస్తాడులే అని నాలుగు నెలలు ఊరుకున్నాను.

ఒకరోజు ఆఫీసుకి అతని భార్య వచ్చింది. నన్ను అన్నయ్యా అంటుంది. గేటు దగ్గరే నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

"అన్నయ్యా, మీరు ఓపాలి ఇంటికి రావాల. ఆయన సెప్పొద్దన్నారు గానీ నాను ఉండనేకపోతన్నాను."

నరాల జబ్బట. ఎడమచేతి వేళ్లతో మొదలైంది, ఆగేది కాదన్నారట డాక్టర్లు. గిటారు కొనకముందే ఆ సంగతి తెలుసట. "పాతదాని తీగలు నొక్కడానికి వేళ్లకి సత్తువ నేదు. భుజం బరువాపట్లేదు. ఇదైతే ఇంకొన్నాళ్లు వాయించగలనని కొన్నారు. అందరూ బాగోనేదన్నారంట కదా," అంది. నిందించినట్టు అనలేదు. ఆ మాట నిజమో కాదో నన్నడిగి తెలుసుకుందామన్నట్టు అంది.

ఆ సాయంత్రమే వెళ్లాను. మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. "ముందే సెప్పొచ్చు కదా బావా," అన్నాను.

"సెప్తే జాలిపడి బాగుందంటారు. నిజంగా బాగుంటే బాగుందనాల."

"నాను నవ్వించడానికి అన్నాను బావా. దాని సౌండు సరిగ్గా విన్నేదు కూడా. తప్పైపోనాది."

పర్వాలేదంటాడని ఎదురుచూశాను. "నువ్వొక్కడివి బాగుందనుంటే," అన్నాడు చివరికి, "ఇంకో ఏడాది వాయించుదును. మిగతావోళ్ల మాట నాకెందుకు?"

 

మర్నాడు ఆదివారం ఒక రబ్బరు ప్రాక్టీసు ప్యాడూ, డ్రమ్ము వాయించే రెండు పుల్లలూ తీసుకుని వెళ్లాను. వద్దనలేదు. తేలిక గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు, నేను కింద చాప మీద కూర్చున్నాను. అప్పుడు విన్నాను దాన్ని, మొదటిసారి. మోత తక్కువే. కానీ స్వరం గుండ్రంగా, వెచ్చగా ఉంది. పొట్టి నెక్ కావడంతో రెండు వేళ్లతోనే పాటంతా లాగేస్తున్నాడు. నేను ప్యాడ్ మీద మెల్లగా కొడితే, అది నాకు కావలసినంత వినపడింది. గట్టిగా కొట్టేవాణ్ని నేనే కదా అనిపించింది.

"బాగుంది బావా," అన్నాను.

"ఇప్పుడా?" అని నవ్వాడు. కొత్త గిటారు తెచ్చినరోజు నవ్విన నవ్వు కాదది. అసలు నవ్వే.

ఏడు నెలలు ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. ముందు చిటికెన వేలు పోయింది, తర్వాత ఉంగరం వేలు, ఆపైన మధ్య వేలు. రెండు వేళ్ల పాటలు ఒక వేలి పాటలయ్యాయి. ఎడమచెయ్యి పూర్తిగా పడిపోయాక, నొక్కకుండానే, ఉత్త తీగల్ని కుడి బొటనవేలితో మీటేవాడు. ఉన్నవి నాలుగే స్వరాలు. వాటితో ఏ పాటా రాదు. అయినా నేను తాళం వేసేవాణ్ని, నా దెబ్బ పడే క్షణానికే తప్పకుండా మీటేవాడు. చెల్లెమ్మ వంటింటి గుమ్మంలో చేపలు కోస్తూ కత్తి ఆపి వినేది. తర్వాత గిటారును నేను ఒళ్లో పట్టుకుని, అతని బొటనవేలిని తీగ దాకా తీసుకెళ్లేవాణ్ని. ఒకరోజు ఆ వేలు కదల్లేదు. "ఇంక సాల్లే బావా," అన్నాడు. మాట కూడా అప్పటికి ముద్దగా వస్తోంది. గిటారును సంచిలో నేనే పెట్టాను.

వానాకాలం మొదట్లో పోయాడు. దహనానికి ట్రూపు మొత్తం వచ్చింది. లీడ్ గిటారిస్టు నా పక్కన నిలబడి, "మనకి తెల్దు కదా," అని రెండుసార్లు అన్నాడు. నేను తలూపాను. తెలియదన్నది నిజమే. అడగలేదన్నదీ నిజమే.

మా ట్రూపులో ఇప్పుడు బేస్ గిటారు లేదు. కింది స్వరాలు కీబోర్డు ఆయన ఎడమచేత్తో వాయిస్తాడు, జనానికి తేడా తెలియదు. నేను మాత్రం పాట మధ్యలో పరుగెత్తుతున్నానని ఈ మధ్య అందరూ అంటున్నారు. కిందటి పెళ్లిలో గాయని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ప్రోగ్రాం అయ్యాక దగ్గరికొచ్చి, "ఏటయ్యింది మాస్టారూ, తొందరా?" అని అడిగింది. లేదన్నాను. డ్రమ్ముల మరలు విప్పుతూ కూర్చున్నాను.