ఐలేశం ఇవ్వని దట్టీ

ఐలేశం నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా మెచ్చుకునేది. ఆ మెచ్చుకున్న నోళ్లలో మన్ను పడ! ఆ మెప్పే కొంప ముంచింది.

తిరుమలగిరి దగ్గరి పల్లె వాళ్లది. చీరలు నేసి బతికే ఐలేశం, ఏటా పీర్ల పండుగకు మాత్రం కూలి లేకుండా ఒక పచ్చ దట్టీ నేసేవాడు. పీరుకు కట్టే మొదటి గుడ్డ ఆ నేత ఇంటి నుంచే రావాలి. అది కట్టందే పీరు ఊరేగింపుకు లేవదు. తాతల నాటి ఆచారం. పీర్ల కొట్టం చూసుకునే మదారు దూదేకి పరుపులు కుట్టేవాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు.

ఆ ఏడు సెల్‌ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. ఎక్కడిదో, ఎప్పటిదో. ‘వాళ్లు’ తిండిలో ఏదో కలుపుతున్నారట. నిన్నటిదాకా మదారన్న అయినవాడు తెల్లారేసరికి ‘వాళ్లు’ అయిపోయాడు. పరుపులు కుట్టించుకోవడం మానేశారు. అతని భార్య ఇమాంబీ ఉప్పుకు పోతే, ఉప్పు బస్తా మీద కూర్చునే లేదన్నాడు దుకాణం వాడు.

ఐలేశం అన్న కొడుకు మహేశ్ వచ్చాడు.

“ఈసారి దట్టీ ఇయ్యకు చిన్నాయినా. ఊరంతా ఒక్క మాట మీదున్నది.”

హాలియాలో పిల్లలకు చరిత్ర చెప్పే కూతురు స్నిగ్ధకు ఐలేశం ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాడు.

“బాపూ, జాతులకు జాతుల్నే చంపిన దేశాల గురించి నేను చెప్తున్న గద. ఎక్కడా కత్తితోని మొదలు కాలే. ముందుగాల మాటలు బందు పెట్టిండ్రు, కొనుడు అమ్ముడు బందు పెట్టిండ్రు. అందరు ఊకున్నరు. కత్తి పట్టినంక ఎవ్వరు ఆపలేరు. గిప్పుడే ఆపాలె. దట్టీ ఇయ్యి.”

“గుడ్డ ముక్కకు గంత కథనా బిడ్డా? నేనొక్కన్ని ఇస్తే ఆగుతదా?”

పీరు లేపే ముందురోజు మదారు దట్టీ కోసం వచ్చాడు. ఐలేశం నేల చూపులు చూస్తూ, “నూలు దొరకలే బావా” అన్నాడు. నేసిన పచ్చ గుడ్డ మగ్గం మీదే ఉంది. మదారు దాన్ని చూశాడు.

“మంచిది బావా. ఎవల పాణం వాళ్లకు తీపి” అని వెళ్లిపోయాడు.

ఐలేశానికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చావలేదు. అన్నం తిని పడుకున్నాడు.

పీరు లేవలేదు. మర్నాడు సాయంత్రం మదారు ఇంటి మీద రాళ్లు పడ్డాయి. తలుపు వేయబోయిన ఇమాంబీ కణతకు ఒక రాయి తగిలింది. దవాఖాన దాకా ఆమె ప్రాణం నిలవలేదు. ఆమెను మట్టి చేసి, మదారు ఊరు విడిచిపోయాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆ ఊళ్లో చెప్పినవాడు లేడు.

కొన్నాళ్లకు మహేశ్ పాలిపోయిన ముఖంతో వచ్చి గడపలో కూలబడ్డాడు.

“గంత దాక పోతదనుకోలే చిన్నాయినా. నేను వద్దన్నా నువ్వు దట్టీ ఇస్తవనే అనుకున్నం. నువ్విస్తే పీరు లేచేది. పీరు లేస్తే ఊరోళ్లంత ఎప్పటి లెక్క వచ్చి దండం పెట్టేటోళ్లు. మేం గమ్మునుండేటోళ్లం. నువ్వు గూడ ఇయ్యకపోయేసరికి, ఇగ ఎవ్వరు అడ్డం రారని మాకు ధైర్యమొచ్చింది.”

మదారు కుట్టిన పరుపు మీద కూర్చుని, ఐలేశం అంతా విన్నాడు.