తొమ్మిది ముక్కల పుస్తకం

లైబ్రరీ మేడమ్‌కి ఆ ఊరితో తల ప్రాణం తోకకొచ్చింది. మూడేళ్లుగా ప్రతి గురువారం మోపెడ్ వెనక పుస్తకాల పెట్టె కట్టుకుని, గుంతల్లో నడుం విరగ్గొట్టుకుని వస్తున్నది ఇందుకా? పెట్టెలో ఎన్ని మంచి పుస్తకాలున్నా ముట్టరు. పశువుల జబ్బుల పుస్తకం ఒక్కటే పట్టుకుని వేలాడారు. చివరికి టైలరమ్మ దాన్ని తన పేర రాయించుకుని, కుట్లు విప్పి తొమ్మిది ముక్కలు చేసింది. ఒక్కోదానికీ అట్ట వేసి, మిషన్ మీద కుట్టి ఇంటికొకటి పంచింది.

“అందరికీ ఒకేసారి కావాలన్నారు మేడమ్. మరేం చెయ్యను?” అంది, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఇప్పుడు గేదెకు జ్వరమొస్తే ‘జ్వరం వాళ్లింటికి’ పరిగెత్తాలి, కడుపు ఉబ్బితే ‘ఉబ్బరం వాళ్లింటికి’ పోవాలి. ఆ ఇంటివాళ్లు చదివి చెప్పాలి. గిట్టలు పుండ్లు పడే గాలికుంటు భాగం దక్కిన ముసలాయనైతే డాక్టరు కన్నా బెట్టు చేస్తున్నాడు.

మేడమ్‌కి ఒళ్లు మండదా మరి? వచ్చే గురువారమే పై ఆఫీసరు వస్తున్నాడు. ఈ ఊరికి పెట్టె ఉంచాలో తీసెయ్యాలో తేల్చేది ఆయనే. కేకలేసి ముక్కలన్నీ తెప్పించి, టైలరమ్మ చేత మళ్లీ ఒక్క పుస్తకంగా కుట్టించింది. ముక్కల ఊసు ఎవరూ ఎత్తొద్దని బెదిరించింది కూడా.

గురువారం ఆఫీసరు టైలరమ్మ కొట్లో కూర్చుని పుస్తకం తిరగేశాడు. “బాగానే ఉంచారే.” తర్వాత రిజిస్టరు చూశాడు. “ఏడాదంతా ఒక్క పుస్తకం, ఒక్క పాఠకురాలా? ఈమె ఒక్కర్తి కోసం పెట్టె ఎందుకమ్మా? తీసేద్దాం.”

గుమ్మంలో మూగిన జనం మేడమ్ వైపు చూశారు. మేడమ్‌కి తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది. మిగతా ఎనిమిది ఇళ్లనీ తన చేతులారా ఆ అట్ట కింద దాచేసింది కదా!

“కత్తెర ఇలా ఇవ్వమ్మా.”

“సారుండగానా?” టైలరమ్మ కత్తెర వెనక్కి దాచింది.

“ఇవ్వమంటుంటే!”

కుట్లు పటపటా తెగుతుంటే ఆఫీసరు లేచి నిలబడ్డాడు. “ఏంటమ్మా ఇది? ఆఫీసు పుస్తకం!”

“చింపానని రాసుకోండి సార్, సంతకం పెడతాను.” మేడమ్ గుమ్మం వైపు తిరిగి అరిచింది. “చూస్తారేం? ఎవరి ముక్క వాళ్లు పట్టుకెళ్లండి!”

అందర్నీ తోసుకుని ముసలాయన ముందుకొచ్చాడు. “పెట్టె తీసుకెళ్తే తీసుకెళ్లండి సారూ. నా ముక్క మాత్రం ఇవ్వను.”

ఆఫీసరు ఆయన్ని ఎగాదిగా చూసి, కూర్చుని, కలం మూత తీశాడు. “పేరు?”

“గాలికుంటు,” అన్నాడు ముసలాయన గర్వంగా.

ఆఫీసరు రిజిస్టర్లో అదే రాశాడు. తొమ్మిదో పేరు దాకా రాసి, పెట్టె తీసేసే ఊసెత్తకుండా వెళ్లిపోయాడు.