పపీటె రేవులో ఎండిన చేపలు

అనకాపల్లి బెల్లం తిని తహితి దీవి రాణి మూర్ఛపోయింది. ఈ మాట నేను నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. నిజానికి ఆవిడ రాణి కాదు, ఆ దీవి రాజధాని పపీటె సంతలో చేపలమ్ముకునే మనిషి. మూర్ఛపోలేదు, నాకి చూసి ఉమ్మేసింది. బెల్లం మాత్రం అనకాపల్లిదే. ఇంతకన్నా వెనక్కి తగ్గను.

ఈ కథ మోసుకొచ్చినవాడు ఎల్లాజీ. భీమిలి వైపు జాలరి. యుద్ధం రోజుల్లో సరుకుల ఓడలో బొగ్గు వేసే పనికి కుదిరి, నలభై ఆరులో తిరిగొచ్చి, మా బెల్లం మార్కెట్‌లో దిమ్మలు మోసే కూలీ అయ్యాడు. నేను అక్కడే ఒక షావుకారుకి ఇంగ్లీషు ఉత్తరాలు రాసేవాణ్ణి. విశాఖలో ఫ్రెంచి సిస్టర్ల కాన్వెంటులో చదివినవాణ్ణి కనుక, అబద్ధం పట్టేద్దామని రెండు ఫ్రెంచి మాటలు అడిగాను. రెండూ చెప్పి, మూడోది తనే అందించాడు. అది సిస్టర్లు నేర్పే మాట కాదు. దాంతో వాడు వెళ్ళాడని నమ్మాను.

మధ్యాహ్నం బళ్ళు ఆగాక గోనెల మీద కూర్చుని చెప్పేవాడు. నలభై నాలుగులో బాయిలరు చెడి ఓడ పపీటెలో పదకొండు రోజులు ఆగిందట. తెల్లవారకుండానే సంత కిటకిటలాడేదట. ఆడవాళ్ళు చెవిలో తెల్లపువ్వు పెట్టుకుని సైకిళ్ళ మీద వచ్చేవారట. ఊరు దాటితే నల్లటి ఇసుక, కొండల మీంచి దూకే నీళ్ళు, ఎక్కడ చూసినా గిటార్లు. అక్కడివాళ్ళు పచ్చిచేపని నిమ్మరసంలో ఊరేసి, కొబ్బరిపాలు పోసుకుని తింటారట. ఎల్లాజీతోపాటు ఇంకొక తెలుగువాడు ఉండేవాడు. బెల్లం అతనిదే. ఎల్లాజీ అతన్ని బావ అనేవాడే తప్ప పేరు చెప్పేవాడు కాదు. ఆ బావ పచ్చిచేప చూసి డోకుకుని, అక్కడి చేపలకి ఉప్పు పట్టించి రేవు రాళ్ళమీద ఎండేశాడు. ఇంటికి పట్టుకెళ్ళి పెళ్ళానికి చూపిస్తాడట. కంపుకి పోలీసులొచ్చారు.

అసలు తమాషా ఆఖర్న. ఓడ పొద్దున్నే బయల్దేరుతుంటే, సాయంత్రం దాకా కదలదని బావకి చెప్పి వచ్చాడు ఎల్లాజీ. కూత వినబడి బావ చేపలు గుండెకి హత్తుకుని పరుగెత్తాడు. ఒక్కొక్కటీ జారిపోతూ, రేవు చివరికి వచ్చేసరికి చేతిలో ఒకటే మిగిలింది. ఓడ ఆగలేదు. ఎల్లాజీ ఆ పరుగు పరుగెత్తి చూపించేవాడు. కూలీలు పొట్ట చేత్తో పట్టుకునేవారు. నేనూ నవ్వాను. ఎదురుగా ఎండుచేపల బుట్ట పెట్టుకుని కూర్చునే నూకరత్నం కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

నాలుగోసారి చెప్పినప్పుడు ఎల్లాజీ, బావ చేపని కోసే తీరు కూడా అభినయించాడు. నూకరత్నం నవ్వు ఆపింది.

"ఏటేపు సీల్సేడన్నావు?"

"ఈపేపు. అదీ ఎడం సేత్తోటి. అందరూ పొట్టేపు సీలుత్తారు కదా."

"ఆయన మా మావ," అంది, మొగుణ్ణి ఉద్దేశించి. "కొర్లయ్య."

ఎల్లాజీ ఎత్తిన ఎడంచెయ్యి దించి అవునన్నాడు. బతికున్నాడా అని ఆవిడ అడిగింది.

"నాను సూసినప్పుడు పరిగెడతన్నాడు."

నూకరత్నానిది పూడిమడక. ఓడెక్కినవాడి కబురు మూడేళ్ళు రాకపోతే పోయినట్టే లెక్క అని వాళ్ళ పేట కట్టుబాటు. గడ్డిబొమ్మ కాల్చి, భార్య గాజులు పగలగొడతారు. ఆవిడకి గడువు వచ్చే మంగళవారం. కళ్ళతో చూసినవాడు పెద్దల ముందు నిలబడి చెబితేనే అది ఆగుతుంది. ఆవిడ కాళ్ళు పట్టుకుంటే ఎల్లాజీ వస్తానన్నాడు. ఆ ఆరు రోజులూ వాడికి చేపల పులుసు తెచ్చి పెట్టింది. తిన్నాడు.

మంగళవారం నేనూ బండిలో వెళ్ళాను. ఇసుకలో గడ్డిబొమ్మకి కొర్లయ్య పాత చొక్కా తొడిగి ఉంచారు. నూకరత్నానికి పసుపు రాసి, పూలు పెట్టి, రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులు వేశారు, పగలగొట్టడానికి. పక్కనే రాయి. ముందు నేనే లేచి, ఎల్లాజీ చెప్పేది నిజమని, నేను పరీక్షించానని అన్నాను. పెద్దమనిషి సత్తియ్య నా కథలు ఎన్నో విన్నవాడు. నవ్వి, కూర్చోమన్నాడు.

ఎల్లాజీని ముందుకి పిలిచాడు.

"మా వోణ్ణి సూసేవని ఈ పిల్ల సెప్తంది. సూసినోడివి ఎందుకొగ్గేసొచ్చేవు? సావాసగాణ్ణి ఒగ్గేసొచ్చినోణ్ణి ఈ ఒడ్డునున్న ఏ పేటోళ్ళూ పడవెక్కనివ్వరు, నిప్పు కూడా ఇవ్వరు. అది తెలుసుకుని సెప్పు."

ఎల్లాజీ నా వైపు చూశాడు. తర్వాత సముద్రం వైపు.

నూకరత్నం లేచి వచ్చింది. గాజులు గలగలమన్నాయి.

"అన్నా, సేప ఏటేపు సీల్సేడో సెప్పు. అదొక్కటీ సెప్పు."

"ఏ సేపమ్మా?" అన్నాడు ఎల్లాజీ. "నాను ఓడెక్కనేదు. ఆ పపీటె ఏ దిక్కునుందో నాకు తెల్దు. కొర్లయ్యనేవోణ్ణి నానెప్పుడూ సూడనేదు."