బల్ల లేని ప్లీడరు గారు

మా ప్లీడరు గారు పోయారు. మొన్న పొద్దున కోర్టు బంట్రోతు టైపు గదిలోకి తొంగిచూసి, "అమ్మా, మీ అయ్యగారు పోయారంట" అని, నా మొహం చూడలేక వెళ్లిపోయాడు. మిషను మీద ఉన్న కాగితం పూర్తిచేసి, మూత వేసి, అప్పుడు ఏడ్చాను. పని మధ్యలో ఏడిస్తే ఆయనకు నచ్చదు.

సాయంత్రం ప్లీడర్లంతా చేరి సంతాపసభ పెట్టారు. ఆయన గెలిచిన దావాలు చెప్పుకున్నారు, చతుర్లు చెప్పుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం "పాపం, చివరిదాకా బల్ల లేని ప్లీడరుగానే ఉండిపోయాడు" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆ బల్ల ఎందుకు పోయిందో నాకంటే తెలిసినవాళ్లు లేరు కాబట్టి ఇది రాస్తున్నాను.

నరసరావుపేట కోర్టు వీధిలో ఆయన గది ఎరిగినవాళ్లు మీలో ఉండే ఉంటారు. ఒకప్పుడు గానుగ చెక్క అమ్మిన కొట్టు అది. వాన పడితే గోడల్లోంచి ఇంకా నూనె వాసన వచ్చేది. అందులో లా పుస్తకాల బీరువా, పార్టీలు, అంటే దావాల వాళ్లు, కూర్చునే బెంచీ, గుమాస్తా గారి వాలుబల్ల, వీటన్నిటి మధ్యలో ప్లీడరు గారి టేకు బల్ల. ఆయనకు పని నేర్పిన పెద్ద ప్లీడరు గారు కోర్టు మానుకుంటూ ఇచ్చిన బల్ల. గది సగం అదే. సాగర్ కాలువ తవ్వకంలో పొలాలు పోయిన రైతులు నష్టపరిహారం అర్జీలకోసం గుంపులుగా వస్తున్న రోజులు కావడంతో టైపిస్టు కావలసివచ్చింది. గుంటూరులో టైపు నేర్చుకున్న నన్ను పెట్టుకున్నారు. నా మిషను వెనక గోడ దగ్గర, బల్లకు అవతల.

మా నాన్న శావల్యాపురం దగ్గర మిషనరీల బడిలో మేష్టారు. నన్ను పేటలో పిన్ని ఇంట్లో దింపి వెళ్తూ ప్లీడరు గారి ముందే చెప్పాడు.

"మగాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చునే చోటైతే మా పిల్ల ఉండదండి. శనివారం వచ్చి చూస్తా. బాగుంటే సరే, లేకపోతే అదే బస్సుకి తీసకపోతా."

మా నాన్న అన్నాడంటే అన్నట్టే. ఒకసారి ఇంటికి వెళ్లానంటే మళ్లీ గడప దాటనివ్వరని నాకు తెలుసు. ఆ వారమంతా అన్నం సహించలేదు. పిన్ని "ఏందే, జొరమా?" అని ఒళ్లు పట్టుకు చూసేది.

ప్లీడరు గారు మర్నాడే పనిలో దిగారు. గోడలకూ పైకప్పుకూ నీలిమందు కలిపిన సున్నం వేయించారు. బీరువా బయటికి పంపి, గుమ్మం కంటే ఎత్తున గోడకు చెక్కలు కొట్టించి పుస్తకాలన్నీ పైకెక్కించారు. "గది పెద్దదిగా అనిపించాలంటే గోడలు జరపక్కర్లేదమ్మా, నేల కనపడాలి" అన్నారు. వెనక కిటికీ ఎవరిదో గొడ్లసావిట్లోకి తెరుచుకుంటుందని ఎప్పుడూ మూసి ఉండేది. దాన్ని తెరిపించారు. గుమాస్తా గారు ముక్కు మూసుకుంటే, "పేడ వాసనకి నాలుగు రోజుల్లో అలవాటు పడతాం, గాలాడకపోతే ఎన్నాళ్లయినా పడం" అన్నారు. బెంచీని గోడ వారకు జరిపించారు. పార్టీలను నిలబెట్టి మాట్లాడటం ఆయనకు గిట్టదు. "నిలబడి చెప్పినోడు సగమే చెప్తాడు" అనేవారు.

వెలుతురు వచ్చింది, గాలి వచ్చింది. కాని నేను బయటికి పోవాలంటే బెంచీ మీద ఉన్నవాళ్లంతా లేచి వీధిలోకి నడవాల్సిందే. బల్లకూ బెంచీకీ మధ్య మనిషి పట్టడు. ఆ బల్ల వంక ఆయన చూసేవారు, చూపు తిప్పుకునేవారు. గదంతా సున్నం కొట్టించి అసలు దాన్ని వదిలేశాడేమిటీ పెద్దమనిషి అని నాకు లోపల కోపంగా ఉండేది.

గుమాస్తా గారు పైకే అనేశారు. "బల్లని చూసే పార్టీలొస్తారండీ. ఆ అమ్మాయి మిషను తీసి బయట పంచలో పెట్టిద్దాం." పంచ అంటే నడివీధే. వచ్చేపోయే ప్రతివాడూ ఆగి ఆడపిల్ల టైపు కొట్టడం చూస్తాడు. మా నాన్న అది చూస్తే బస్సు దాకా కూడా ఆగడు.

శనివారం రానే వచ్చింది. గురజాల వైపు నుంచి ఒక ఊరు ఊరంతా దిగింది. రెండు వర్గాలు, ఒకటే అర్జీ, ఎవరి పేరు ముందుండాలని గొడవ. బెంచీ నిండింది, నేల నిండింది. ఒకడు చేతికర్రతో సహా వచ్చి నా మిషను అంచుకు ఆనుకున్నాడు. వాడి చుట్ట పొగ నా మొహం మీదే. ఇంకొకడి కండువా నా భుజానికి తగులుతోంది. జరగమందామంటే వాడు జరగడానికి చోటు లేదు. నేను గోడకు అతుక్కుపోయి, కళ్లు కాగితం మీదే ఉంచి, తప్పులు కొడుతున్నాను.

తల ఎత్తేసరికి గుమ్మంలో మా నాన్న. గొడుగు చంకలో ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"లేచి రావే" అన్నాడు.

లేచాను. లేచి, ఎటూ కదల్లేక నిలబడ్డాను.

"దారి లేదు నాన్నా."

ప్లీడరు గారు కలం కింద పెట్టారు. బల్ల మీద అరచెయ్యి ఆనించారు. ఇక నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆయన లేచి సిరాబుడ్డి తీసి కిటికీలో పెట్టారు. కాగితాలు పెట్టారు.

"పట్టండయ్యా, దీన్ని బయటేద్దాం."

ఇందాకటి దాకా కొట్టుకునేటట్టున్న రెండు వర్గాలూ కలిసి బల్ల ఎత్తాయి. అది గుమ్మంలో పట్టలేదు. కొట్టు తలుపులు తీసి చిన్న ద్వారబంధం పెట్టించక ముందు లోపలికొచ్చిన బల్ల అని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. నిలువుగా తిప్పారు, పడుకోబెట్టారు, గోడకు వేసిన కొత్త సున్నం రాలింది. లాభం లేకపోయింది. వచ్చినవాళ్లలో ఒక వడ్రంగి ఉన్నాడు. అతన్ని చూసి ప్లీడరు గారు, "ఎదురు కొట్లో రంపం అడిగి తే. కాళ్లు కోసెయ్" అన్నారు.

గుమాస్తా గారు అడ్డం పడ్డారు. "అయ్యా, పెద్ద ప్లీడరు గారిచ్చిన బల్ల!"

"ఆయన నాకు పనితనం కూడా ఇచ్చారు. అది ఉంచుకుంటున్నాగా."

గొంతు మామూలుగానే పలికింది. రంపం పడినప్పుడు మాత్రం ఆయన కిటికీ వైపు తిరిగి గొడ్లను చూస్తూ నిలబడ్డారు.

బల్ల వెళ్లిపోయింది. మా నాన్న చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఎవరినీ లేవమనకుండా, ఎవరికీ తగలకుండా, గుమ్మం నుంచి నా మిషను దాకా నడిచాడు. చుట్టూ చూశాడు. నాతో, "కూర్చో. తప్పుల్లేకుండా కొట్టు" అన్నాడు. ప్లీడరు గారికి దణ్ణం పెట్టి ఒక్కడే బస్సుకు వెళ్లిపోయాడు.

గుమాస్తా గారు అన్నంతా అయింది. బల్ల లేని ప్లీడరు ఏం గెలిపిస్తాడని కొందరు పార్టీలు వేరేచోటికి పోయారు. సాటి ప్లీడర్లు వేళాకోళమాడారు. ఆయన ఒడిలో అట్ట పెట్టుకుని రాసుకునేవారు. ఎందుకు తీయించారని ఎవరడిగినా "గాలికి" అనేవారు తప్ప నా మాట ఒక్కనాడూ ఎత్తలేదు. నేను ఇవాళ కోర్టులో జీతానికి పనిచేస్తున్నానంటే ఆ శనివారమే కారణం. ఆ మాట ఆయన బతికుండగా చెప్పలేకపోయాను.

పక్షవాతం వచ్చి మంచాన పడ్డారని తెలిసి పోయిన నెల వాళ్లింటికి వెళ్లాను. పెద్ద హాలు, మధ్యలో మంచం, చుట్టూ ఎంతో చోటు. ఆఫీసులో నేను మిషను దగ్గర నుంచి లేచిన చప్పుడైతే చాలు, చదువుతున్న కాగితం మీంచి కళ్లెత్తకుండానే ఆయన కుర్చీ కిందికి కాళ్లు ముడుచుకునేవారు, నేను పోవడానికి. ఆ రోజు నా అడుగుల చప్పుడుకు కళ్లు తెరిచారు. దుప్పటి కింద ఒక కాలు ముడుచుకుంది. రెండోది రాలేదు. దాని వంక చూసి, నా వంక చూశారు. నేను కుచ్చెళ్లు దగ్గరికి పట్టుకుని, అంత చోటున్నా, ఆయన ముడుచుకున్న కాలి పక్కనుంచే నడిచి వెళ్లాను.